ఎత్తే గాలి, పట్టే కడ్డీ

మార్చి నెలాఖరు, తెల్లారగట్ల ఐదున్నర. తిరువూరు దాటి పెనుబల్లి వైపు పోయే హైవే పక్కన నిలబడండి. ఎడమ చేతి వైపు మామిడి తోట. పిందె నిలిచింది, బంగినపల్లి కోతకు ఇంకా కొన్ని వారాలుంది. కుడి చేతి వైపు కొత్తగా మెరక తోలి చదును చేసిన జాగా. అందులో రెండు వరసల్లో పన్నెండు కాంక్రీటు దిమ్మెలు. ఎనిమిదింటి మీద నిన్ననే ఇనుప స్తంభాలు నిలిచాయి. మిగిలిన నాలుగు దిమ్మెల నెత్తిన నాలుగేసి బోల్టులు నిక్కి చూస్తున్నాయి. మరలకు గ్రీజు పూసి, పాత సిమెంటు సంచి ముక్కలు చుట్టి, పురికొసతో కట్టారు.

ఇక్కడ అరవై అడుగుల వెడల్పు, వంద అడుగుల పొడవున రేకుల షెడ్డు లేవాలి. కాయ తూకం, గ్రేడింగు, ప్యాకింగు అంతా దాని కిందే. విజయవాడ దగ్గర నున్న మార్కెట్టు దాకా మోయకుండా ఇక్కణ్ణుంచే ఉత్తరాదికి లారీలు ఎక్కించాలని యజమాని ఆలోచన. మొదటి కోతకు కప్పు పడి ఉండాలి. అందుకే ఇంత పొద్దున్నే ఈ హడావుడి.

హైడ్రా క్రేను డ్రైవరు ఏడింటికి వస్తానన్నాడట. అంటే ఎనిమిదవుతుంది. మేస్త్రి మాత్రం వచ్చేశాడు. యాభై దాటిన మనిషి, మెడలో తువ్వాలు, జేబులో సుద్దముక్క. స్తంభం పక్కన తూకంగుండు వేలాడదీసి, అది ఊగడం ఆగేదాకా ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. పైన దారానికీ స్తంభానికీ ఎంత సందు ఉందో, కింద గుండు దగ్గరా అంతే ఉండాలి. ఇరవై అడుగుల ఎత్తులో ఐదారు మిల్లీమీటర్లకు మించి ఒరగకూడదు. ఒరిగిందనుకోండి, పైన కప్పు మోసే ట్రస్సు బోల్టు చిల్లుకు చిల్లు కలవదు. అప్పుడు కుర్రాళ్లు గ్యాస్ కటింగుతో చిల్లు పెద్దది చేసేస్తారు. పని జరిగిపోయినట్టే కనిపిస్తుంది.

"ఒక నూలు ఇటు లాగు… చాలు," అంటాడు. కుర్రాడు కింద బేస్ ప్లేటు అడుగున ఉన్న నట్టును పానాతో పావు చుట్టు తిప్పుతాడు. వంగి చూడండి. ప్లేటు దిమ్మె మీద ఆనలేదు. కింద నాలుగు నట్లు, పైన నాలుగు నట్లు. మధ్యలో ప్లేటు రెండంగుళాల ఎత్తున నిలబడి ఉంది. అన్ని స్తంభాలూ మట్టానికి వచ్చాక ఆ సందులో కుంచించుకుపోని గ్రౌటు పోసి నింపుతారు. అప్పటిదాకా ఈ స్తంభం బరువంతా నాలుగు బోల్టుల మీదే.

పొద్దు పొడిచేలోగా ఇనుము పేర్చిన చోటికి రండి. స్తంభాలకు వాడుతున్నది 250 బీము. అంటే 250 మిల్లీమీటర్ల లోతు, 125 వెడల్పు, మీటరుకు 37 కిలోల పైచిలుకు. కోసిన అంచు వైపు నుంచి చూస్తే పైనా కిందా రెండు పలకలు, మధ్యలో సన్నటి నడుము. పలకల మందం పన్నెండున్నర మిల్లీమీటర్లు, నడుముది ఏడు కూడా లేదు. ఉన్న ఇనుములో మూడింట రెండొంతులు అంచులకే పోయింది. బరువు పడి బీము వంగినప్పుడు ఒక అంచు సాగుతుంది, ఎదుటి అంచు నొక్కుకుంటుంది, నడిమధ్య పదార్థానికి పెద్ద పనుండదు. పని ఉన్న చోటే పదార్థం పెట్టడం ఈ ఆకారంలోని తెలివి. ఇంతే బరువు ఇనుమును చతురస్రపు కడ్డీగా పోస్తే ఏడు సెంటీమీటర్ల మందం కూడా రాదు. ఒంపును తట్టుకోవడంలో ఈ బీము ఆ కడ్డీకి ఏడు రెట్లకు పైమాటే.

అయితే ఆ బలం ఒక దిక్కుకే. బీమును పక్కకు తిప్పి వంచితే బలం దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఇప్పుడు తలెత్తి నిన్న నిలబెట్టిన ఎనిమిది స్తంభాలు చూడండి. అన్నీ ఒకే వైపు తిరిగి ఉన్నాయి. అరవై అడుగుల వెడల్పు మీదుగా వచ్చే బరువుకూ గాలికీ వాటి బలమైన దిక్కు ఎదురుపెట్టారు. వంద అడుగుల పొడవు దిక్కున మాత్రం పన్నెండూ బలహీనమే. ఈ సంగతి మనసులో పెట్టుకోండి. మధ్యాహ్నం దీని మీదే పంచాయితీ.

ఇనుము కట్టల మీద రాసిన అంకెలన్నీ కిలోలే. కొన్నది కిలోల్లో, కాటా చీటీ కిలోల్లో, మేస్త్రి కూలి కిలోకింత అని. ఘనమీటరు ఉక్కు 7,850 కిలోలు. ఆ ఒక్క అంకె పట్టుకుని ఊరి ఫ్యాబ్రికేటర్లు నోటిలెక్క కట్టేస్తారు. గుండ్రటి కడ్డీ అయితే మిల్లీమీటర్లలో మందాన్ని దాంతోనే హెచ్చించి 162తో భాగిస్తే మీటరు బరువు. పదహారు ఎంఎం కడ్డీ: 256ను 162తో భాగించు, కిలోన్నర పైచిలుకు. బడికి మధ్యలో సెలవు చెప్పిన కుర్రాళ్లు కూడా ఈ లెక్క తప్పరు.

ఈ రోడ్డుకూ ఇనుముకూ ఒక పాత చుట్టరికం ఉంది. ఇది 30వ నంబరు జాతీయ రహదారి. ఇబ్రహీంపట్నం దగ్గర మొదలై మైలవరం, తిరువూరు మీదుగా కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం దాటి, కుంట, సుక్మా, జగదల్‌పూర్ దాకా, ఇంకా పైకి పోతుంది. అంటే ఇక్కణ్ణుంచి ఉత్తరంగా నడుచుకుంటూ పోతే బైలడిలా ఇనుప కొండలున్న బస్తర్‌లో తేలతారు. దారిలో పాల్వంచలో దేశంలోనే మొదటి స్పాంజి ఐరన్ ప్లాంటు 1980లో ఉత్పత్తి మొదలుపెట్టింది. 2010లో అది ప్రభుత్వ గనుల సంస్థ ఎన్‌ఎండీసీలో కలిసిపోయింది. దారికి కాస్త అవతల ఇనుప ఖనిజమున్న బయ్యారం. 2014 విభజన చట్టంలో అప్పటి ఖమ్మం జిల్లాకు ఉక్కు కర్మాగారం సంగతి పరిశీలిస్తామని రాశారు, ఆ రాత రాతగానే ఉంది. ఇన్ని ఉన్నా తిరువూరు షెడ్డుకు ఇనుము ఆ దిక్కు నుంచి రాదు. బైలడిలా ఖనిజం కిరండోల్‌–కొత్తవలస రైలు మార్గం మీద తూర్పు కనుమలు దిగి విశాఖ చేరుతుంది. అక్కడ కరిగి యాంగిళ్లు, చానళ్లు, కడ్డీలై విజయవాడ ఇనుప కొట్లకొస్తుంది. అక్కణ్ణుంచి లారీలో ఈ రోడ్డెక్కుతుంది. కొండ నుంచి సముద్రానికి పోయి, మళ్లీ కొండ దారి పట్టడమన్నమాట.

మేస్త్రి వరసలో మూడో కట్ట దగ్గర ఆగి, యాంగిల్ వీపు మీద పోతపోసినట్టు లేచిన అక్షరాలను బొటనవేలితో తడిమి, "ఇది వైజాగుదేలెండి," అన్నాడు. ఆ మాటలో ఒక భరోసా ఉంది. అది ఊరికే రాలేదు. 1966లో ఉక్కు కర్మాగారం కోసం ఆంధ్రదేశమంతా రోడ్డెక్కింది, 32 మంది ప్రాణాలు పోయాయి. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటించారు. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. జాతికి అంకితమైంది 1992 ఆగస్టు 1న, పి.వి. నరసింహారావు చేతుల మీదుగా. ఉద్యమంలో జెండా పట్టిన కుర్రాడు ఆ రోజుకు నడివయసువాడై ఉంటాడు. ఇప్పటికీ ఆ ప్లాంటుకు సొంత ఇనుప గని లేదు.

ఎనిమిదిన్నరకు హైడ్రా వచ్చింది. దానికి ముందు వెల్డింగు చూడాలి మీరు. అరవై అడుగుల ట్రస్సును లారీ మోయలేదు కాబట్టి ముప్ఫై, ముప్ఫై అడుగుల రెండు ముక్కలుగా తెచ్చారు. నేల మీద పడుకోబెట్టి మధ్యలో అతుకుతున్నారు. వెల్డరు ఒడిశా కుర్రాడు. ముసుగు దించుకుని "దేఖ్‌నా మత్" అంటాడు. మేస్త్రి తెలుగులో అదే చెబుతాడు, "మంట చూడకండి, రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్టుంటది." మీకొక నల్లద్దం ఇచ్చాడు. అడ్డం పెట్టుకుని దగ్గరకు వంగండి.

అద్దంలోంచి లోకమంతా చీకటి, ఒక్క చుక్క ఆకుపచ్చ వెలుగు తప్ప. రాడ్డు కొన దగ్గర చిన్న మడుగు. కరిగిన ఉక్కు అందులో సుడి తిరుగుతుంటే కుర్రాడి మణికట్టు చంద్రవంకలు చుడుతూ వెనక్కి జరుగుతోంది. మడుగు రెండు పలకలనూ తడిపిందా లేదా అన్నదే కీలకం. రెండువైపులా కరిగి కలిస్తే అది అతుకు. ఒకవైపే కరిగి రెండోదాని మీద ఊరికే పేరుకుంటే అది మేకప్పు. బయటికి రెండూ ఒకేలా మెరుస్తాయి. రాడ్డు అయిపోయింది. కుర్రాడు చిన్న సుత్తితో టకటకా కొడితే పైనున్న నల్ల పెచ్చు పలకలు పలకలుగా ఊడింది, కింద ఒకదాని మీద ఒకటి వాలిన వెండి అలలు. మేస్త్రి వేలు పెట్టి అంచు వెంట నెమ్మదిగా జరిపాడు. ఒక చోట ఆగాడు. అక్కడ వెల్డు పక్కన పలకే కోసుకుపోయి గీతలా లోతు పడింది. కరెంటు ఎక్కువైతే ఇట్లా అవుతుంది.

"ఇక్కడ గ్రైండింగ్ కొట్టి మళ్లీ వెయ్యి."

"కిత్నా బార్, చాచా?" కుర్రాడి విసుగు.

"నువ్వు పైకెక్కి నిలబడతావు చూడు, అన్నిసార్లు."

ఆరు మిల్లీమీటర్ల వెల్డు సరిగా పడితే అరచేతి వెడల్పంత పొడవులోనే ఐదు టన్నుల లాగుడు పట్టగలదు. సరిగా పడకపోతే ఎంత పడుతుందో ఎవరూ చెప్పలేరు. ఉక్కు కట్టడాల్లో బీము నడుము విరిగి కూలిన కథలు తక్కువ, అతుకు ఊడి కూలినవి ఎక్కువ. 1981 జులైలో అమెరికాలోని కాన్సస్ సిటీలో ఒక హోటల్ లోపలి నడక వంతెనలు కూలి 114 మంది చనిపోయారు. ఒకే పొడవాటి కడ్డీకి రెండు వంతెనలూ వేలాడాల్సిన చోట, పని సులువని రెండు పొట్టి కడ్డీలు పెట్టారు. దాంతో పై వంతెన అతుకు మీద బరువు రెట్టింపయింది. కడ్డీలు తెగలేదు, అతుకు చీలింది.

హైడ్రా డ్రైవరు కొక్కెం దించాడు. ట్రస్సుకు రెండు చోట్ల బెల్టులు తగిలించారు, రెండు కొసలకూ పొడవాటి తాళ్లు కట్టారు. ఇంతలో మేస్త్రి చేసిన పని చూస్తే మీకు వింతగా ఉంటుంది. రెండు సరుగుడు బాదులు తెప్పించి, ట్రస్సు కింది గొట్టం వెంట తాళ్లతో బిగించి కట్టించాడు. అంత ఇనుముకు కర్ర సాయమా?

సాయమే. స్తంభాల మీద కూర్చున్నాక ట్రస్సు పై గొట్టం నొక్కుకుంటుంది, కింది గొట్టం సాగుతుంది. సాగేదానికి లావు అక్కర్లేదు, కాబట్టి కింది గొట్టం సన్నది పెడతారు. కానీ నడుమ దగ్గర పట్టుకుని గాల్లోకి ఎత్తినప్పుడు రెండు కొసలూ వాలతాయి, కథ తిరగబడుతుంది. ఇప్పుడు కింది గొట్టమే నొక్కుకోవాలి. సన్నటి పొడవాటి గొట్టాన్ని నొక్కితే అది నలగదు, పక్కకు తప్పుకుని విల్లులా వంగుతుంది. ఆ వంపును ఆపడానికే సరుగుడు బాదులు. మేస్త్రి దీన్ని పుస్తకంలో చదవలేదు. ఏ ఊళ్లోనో ఒక ట్రస్సు గాల్లో మెలి తిరగడం చూసి ఉంటాడు.

"ఉఠావ్! ధీరే… ధీరే… బస్!"

ఏడెనిమిది వందల కిలోల ఇనుము నేల వదిలింది. తాడు కొసలు పట్టుకున్న ఇద్దరు కుర్రాళ్లు వెనక్కి వాలి నడుస్తున్నారు. ట్రస్సు స్తంభాల నెత్తికి ఒక అడుగు పైన ఆగింది. పైన కూర్చున్న ఇద్దరికీ బెల్టులున్నాయి. ఒకడు కొక్కెం తగిలించుకున్నాడు, రెండోవాడిది నడుముకు అలంకారంగా ఉంది. మేస్త్రి కింది నుంచి అరిచాడు, వాడూ తగిలించుకున్నాడు. సన్నగా కోసిన గడ్డపార కొన ఒక చిల్లులో దూర్చి, అటు ఒత్తి ఇటు ఒత్తి, చిల్లును చిల్లు మీదికి తెచ్చి బోల్టు దోపారు. రెండో కొస. నాలుగు బోల్టులూ పడ్డాయి.

ఇప్పుడే అసలు ప్రమాదం. ఒంటరి ట్రస్సు అడ్డంగా చిన్న గాలికీ పడిపోగలదు. అందుకే కొక్కెం వదలకుండా శిఖరం నుంచి రెండు వైపులా నేలలో దిగ్గొట్టిన మేకులకు తాళ్లు లాగి కట్టారు. అప్పుడు గానీ హైడ్రా పక్కకు జరగలేదు. రెండో ట్రస్సు ఎక్కింది. రెంటి మధ్యా రేకులు మోసే పర్లిన్లు పడ్డాయి, తర్వాత కప్పు వాలులో పదహారు ఎంఎం కడ్డీలు ఇంటూ మార్కులా మూల నుంచి మూలకు బిగిశాయి. రెండు ట్రస్సుల మధ్య జాగా ఒక గది. అది గట్టిపడ్డాక మూడో ట్రస్సు, నాలుగో ట్రస్సు దానికి ఆనుకుని లేస్తాయి. మొదటి గదిని కడ్డీలతో బిగించకుండా ఆరు ట్రస్సులూ నిలబెట్టేసి, తీరిగ్గా చూద్దామనుకున్న చోట్ల అన్నీ కలిసి ఒకే వైపుకు వాలిపోయిన సందర్భాలు బోలెడు. కోళ్లు వదులైన నులకమంచం ఒక పక్కకు ఎట్లా ఒరుగుతుందో అట్లాగే, విరిగింది ఏమీ ఉండదు, మొత్తం మాత్రం నేల మీదుంటుంది.

పదకొండయ్యేసరికి ఇనుము మీద చెయ్యి పెట్టలేరు. ఈ పక్క ఎండల సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. రాత్రికీ మధ్యాహ్నానికీ ఇనుము వేడిలో ముప్ఫై డిగ్రీల తేడా వస్తే వంద అడుగుల షెడ్డు ఒక సెంటీమీటరు పైన సాగుతుంది. పర్లిన్ల చిల్లులు గుండ్రంగా కాకుండా కోలగా ఉన్నది అందుకే.

అన్నాలు వేపచెట్టు కింద. టిఫిన్ గిన్నెల్లో గోంగూర, మజ్జిగ. షెడ్డు యజమాని అప్పుడే బండి దిగాడు. పైకి చూసి సంతోషపడ్డాడు. ఇంతలో పక్క గోడ వరస నడిచి చూసి ఆగాడు. రోడ్డు వైపు, మూడో గదిలో, రెండు స్తంభాల మధ్య పొడవు దిక్కున ఇంటూ కడ్డీలు బిగించడానికి చెవులు వెల్డు చేసి ఉన్నాయి.

"మేస్త్రీ, ఇక్కడ కడ్డీలొస్తే లారీ ఎట్లా వెనక్కి పెడతాం? ఇవి వద్దు, తీసెయ్."

"ఇవి తీస్తే ఎట్లాగండీ."

"అంత లావు బీములు పెట్టించాం గదా, పొగాకు పుల్లల్లాంటి కడ్డీల కోసం ఏంటి గొడవ? ఎంత బరువుంటాయి?"

మేస్త్రి నేల మీద సుద్దతో లెక్క కట్టాడు. ఇరవై అడుగుల గది, ఇరవై అడుగుల ఎత్తు. మూల నుంచి మూలకు ఇరవై ఎనిమిది అడుగుల పైచిలుకు. రెండు కడ్డీలకు కలిపి 27 కిలోలు. పదిహేను టన్నుల షెడ్డులో 27 కిలోలు! యజమాని నవ్వాడు. "చూశావా, దీనివల్ల నీకు మిగిలేదీ లేదు."

ఆ మాట నిజం. అక్కడే ఉంది చిక్కంతా. కూలి కిలో లెక్కన కాబట్టి బరువైన బీము ఎత్తితే డబ్బు. సన్న కడ్డీకి రెండు కొసలా మరలు కోసి, చెవులు అతికి, టర్న్‌బకిల్ బిగించడానికి పూట పడుతుంది, వచ్చేది ఇరవై ఏడు కిలోల కూలి. యజమానికి అడ్డం, మేస్త్రికి దండగ. ఇద్దరికీ అక్కర్లేని వస్తువును షెడ్డు మాత్రమే అడుగుతుంది.

ఎందుకడుగుతుందో కాస్త లెక్క చూద్దాం. మన దేశపు గాలి ప్రమాణంలో విజయవాడకు ఇచ్చిన ప్రాథమిక వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. హైదరాబాదుకు 44. వేగాన్ని వేగంతో గుణించి 0.6తో హెచ్చిస్తే ఒత్తిడి వస్తుంది. 50 మీటర్లకు చదరపు మీటరుకు 1,500 న్యూటన్లు, మన మాటల్లో 150 కిలోలు. అందులో వాలు కప్పు మీద పైకి లాగే భాగం చదరపు మీటరుకు సగటున 100 కిలోలని పెట్టుకోండి. ఈ షెడ్డు కప్పు 557 చదరపు మీటర్లు. మొత్తం 55 టన్నులు పైకి. ఇనుము, రేకు అంతా కలిపి కిందికి తూగేది పదిహేను టన్నులు. మిగతా నలభై టన్నులు ఎవరు పట్టుకోవాలి? పన్నెండు స్తంభాలు, వాటి కింది బోల్టులు, ఆ బోల్టులను కరిచి పట్టుకున్న కాంక్రీటు. ఒక్కో దిమ్మెకు సగటున మూడు టన్నుల పైన. మధ్య ఫ్రేములకు ఇంకా ఎక్కువ. రేకుల షెడ్డుకు పునాది బరువు మోయడానికి కంటే ఎగిరిపోకుండా పట్టుకోవడానికే ఎక్కువ. గాలి ఎత్తినప్పుడు ట్రస్సు కింది గొట్టానికి పొద్దున హైడ్రా దగ్గర వచ్చిన తిప్పలే మళ్లీ వస్తాయి, ఈసారి సరుగుడు బాదులుండవు. అందుకే కింది గొట్టాలను కూడా ఒకదానికొకటి కట్టిపెట్టే యాంగిళ్లు కావాలి.

ఇక పక్క గాలి. షెడ్డు అరవై అడుగుల గోడ మీద పడే తోపుడు వంద అడుగుల పొడవు దిక్కున పోతుంది. స్తంభాలు ఆ దిక్కున ఎనిమిదో వంతు బలానివని పొద్దున చూశాం. ఆ తోపుడును నేలలోకి దించేది ఈ ఇంటూ కడ్డీలే. పదహారు ఎంఎం కడ్డీ ఒక్కటి నాలుగున్నర టన్నుల లాగుడు పడుతుంది. కడ్డీ లాగుడుకే పనికొస్తుంది, నొక్కితే వంగిపోతుంది. తూర్పు గాలికి ఒకటి, పడమటి గాలికి ఇంకొకటి పని చేయాలి కాబట్టే రెండూ ఒకదాన్నొకటి దాటుతూ పోతాయి.

గాలి అంటే తుపానే కానక్కర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట లేచే గాలిదుమారానికి తోటలో కాయ రాలినట్టే రోడ్డు పక్కన రేకులూ లేస్తాయి. తుపానుదైతే చెప్పనక్కర్లేదు, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌కు విశాఖ విమానాశ్రయం కప్పే దెబ్బతింది.

ఈ పాఠానికి ప్రపంచం పెద్ద మూల్యమే చెల్లించింది. స్కాట్లాండులో టే నది మీద రెండు మైళ్ల రైలు వంతెన 1878లో తెరిచారు. కట్టిన థామస్ బౌచ్‌కు విక్టోరియా రాణి సర్ బిరుదిచ్చింది. 1879 డిసెంబరు 28 రాత్రి పెనుగాలికి వంతెన మధ్యలోని పదమూడు ఎత్తైన గర్డర్లు, వాటి లోపల పోతున్న రైలుతో సహా నదిలో పడ్డాయి. రైలులో ఒక్కరూ బతకలేదు. విచారణ తేల్చింది ఏమిటంటే, స్తంభాల మధ్య ఇంటూ బద్దీలు, వాటిని స్తంభాలకు తగిలించిన పోత ఇనుప చెవులు ఆ గాలికి చాలలేదని. ప్రధానంగా తప్పు పట్టింది గర్డర్ల లావును కాదు. బౌచ్ ఏడాది తిరక్కుండానే చనిపోయాడు. తర్వాత 1890లో పూర్తయిన ఫోర్త్ వంతెనను ఉక్కుతో, చదరపు అడుగుకు 56 పౌండ్ల గాలి లెక్కతో కట్టారు. చదరపు మీటరుకు చెప్పుకుంటే 270 కిలోల పైన. అది ఇవాళ్టికీ రైళ్లను మోస్తోంది.

తిరువూరులో మేస్త్రికి టే వంతెన సంగతి తెలిసి ఉండదు. ఆయన చెప్పింది ఇంతే: "ఏవండీ, ఈ గదిలో వద్దంటే వెనకవైపు నాలుగో గదిలో పెడతా. అట్నుంచి లారీ రాదుగదా. రోడ్డు వైపు తలుపు కావాల్సిందే అంటే అక్కడ ఇంటూ బదులు అడ్డ బీము వేసి పోర్టల్ కడతా, ఇనుము ఎక్కువవుద్ది. ఏదో ఒకటి చెయ్యాలి. ఏదీ చెయ్యొద్దంటే మాత్రం నా పేరు చెప్పకండి."

యజమాని కాసేపు గడ్డం గోక్కున్నాడు. గదులు లెక్కపెట్టాడు. లారీ ఎక్కడ తిరుగుతుందో నడిచి చూశాడు. చివరికి రోడ్డు వైపు మొదటి గదిలోనూ, వెనకవైపు నాలుగో గదిలోనూ కడ్డీలకు ఒప్పుకున్నాడు. మూడో గది లారీకి వదిలారు. ఇంజినీరుకు ఫోన్ చేసి డ్రాయింగులో మార్పు ఖాయం చేసుకున్నాకే మేస్త్రి అక్కడి చెవులు కోయించాడు. ఆ ఫోన్ నాకు నచ్చింది. కాన్సస్ సిటీలో ఆ మార్పు లెక్కను ఎవరూ తిరగేసి చూడలేదు.

సాయంత్రం నాలుగింటికి కడ్డీలు దించారు. కుర్రాడు పక్కన పడున్న పదహారు ఎంఎం టీఎంటీ ముక్క తెచ్చి మరలు కోయబోతుంటే మేస్త్రి లాక్కున్నాడు. టీఎంటీ కడ్డీని మిల్లులోనే వేడి మీద నీళ్లతో చల్లార్చి బయటి పొరను గట్టిపరుస్తారు. అదనపు బలం ఇచ్చేది ఆ పొరే. మరలు కోస్తే పోయేది సరిగ్గా అదే. ఇట్లా ఇంటూగా బిగించే బ్రేసింగుకు నున్నటి మెత్తటి ఉక్కు కడ్డీ వాడాలి. ఇంత చిన్న సంగతి వంద షెడ్లలో ఎన్నింట పాటిస్తున్నారో మీరే తిరిగి చూడండి, హైవే పొడుగునా ఉన్నాయి.

షెడ్డు కట్టించుకునేవాళ్లతో ఒక మాట. రెడ్ ఆక్సైడ్ పడకముందే వెల్డులు చూడండి, రంగు పడ్డాక అన్నీ అందంగానే ఉంటాయి. బ్రేసింగు కడ్డీలకు, దిమ్మెల్లోని యాంకర్ బోల్టులకు కూలి కిలో లెక్కన కాకుండా విడిగా మాట్లాడుకోండి, అప్పుడే అవి శ్రద్ధగా పడతాయి. ఏడాది తర్వాత ఎవరైనా బండికి అడ్డమొస్తోందని ఇంటూ కడ్డీ కోస్తామంటే, డ్రాయింగు ఇచ్చిన ఇంజినీరును అడగకుండా కోయనివ్వకండి.